నీలి చుక్క చెప్పేదెంత, చెప్పనిదెంత?

ఫోనులో మ్యాప్ తెరిస్తే నీలం రంగులో ఒక చుక్క వెలుగుతుంది. మనం ఇప్పుడు నిలబడిన చోటు అది. పెళ్లికి దారి అడిగినా, రొయ్యల మేత లారీని పిలిచినా, ‘లొకేషన్ పెట్టన్నా’ అనడం మన ఊళ్లలో మామూలైపోయింది. కోతల కాలంలో తమిళనాడు నుంచి వచ్చే వరికోత మిషన్ డ్రైవరుకు మన చేల పేర్లు తెలియవు, కాలవల పేర్లు తెలియవు. ఆ చుక్క పట్టుకుని నేరుగా గట్టు మీదికి వస్తున్నాడు. దానితో మనకు పేచీ లేదు. మనకు అవసరమైనప్పుడు, మనం ఎంచుకున్న మనిషికి, మనమే పంపుకునే చుక్క అది.

పేచీ వేరేచోట మొదలైంది. దారి చూపాల్సిన చుక్క ఇప్పుడు తీర్పు చెప్పే చోట కూర్చుంది. పంట నమోదు కావాలంటే చుక్క సర్వే నంబరు గీతల లోపల పడాలి. ఉపాధి కూలి రావాలంటే చుక్కతో పాటు ఫొటో ఎక్కాలి. రొయ్యల గుంటకు కరెంటు యూనిట్ రూపాయిన్నరకు రావాలంటే ఆ గుంట ఆక్వా జోన్ గీత లోపల ఉండాలి. మనిషి మాటకు, ఇరుగుపొరుగు సాక్ష్యానికి, గ్రామసభకు ఉన్న విలువ తగ్గిపోయి, ఫోను ఎక్కడుందన్న ఒక్క ముక్కే అన్నిటికీ రుజువవుతోంది. ఇది మంచిది కాదని మన సంఘం గట్టిగా చెబుతోంది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

చుక్క ఎలా పుడుతుంది?

ముందు ఒక అపోహ తీసేసుకోవాలి. పైన తిరిగే ఉపగ్రహం మనల్ని చూస్తోందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ ఉపగ్రహానికి మన ఊసే తెలియదు. అది రేడియోలాగా తన చోటునీ, తన గడియారంలోని సమయాన్నీ అదే పనిగా చెబుతూ పోతుంది. మన ఫోను వినేది మాత్రమే. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వింటే, ఏ సంకేతం ఎంతసేపటికి చేరిందో లెక్కగట్టి తన చోటు తానే తేల్చుకుంటుంది. ఆ సంకేతం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది కాబట్టి, లెక్కలో సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చినా చుక్క 300 మీటర్లు పక్కకు పోతుంది.

అంటే ఉపగ్రహం దగ్గర మన రహస్యం ఏదీ లేదు. మన చోటు బయటికి పోయేది ఫోను నుంచి. ఫోనులోని యాప్ ఆ లెక్కను ఏ కంపెనీకో, ఏ శాఖకో పంపినప్పుడే అది ఇంకొకరి చేతికి చేరుతుంది. కాబట్టి ‘టెక్నాలజీ అంతే, మేమేం చేస్తాం’ అనే మాట చెల్లదు. ఎవరికి పంపాలి, ఎప్పుడు పంపాలి, ఎన్నాళ్లు దాచాలి అన్నది మనుషులు రాసుకున్న నిబంధన. మనుషులు రాసిన నిబంధనను మనుషులు మార్చగలరు.

ఈ విషయంలో నెల్లూరు తీరానికి ఎవరికీ లేని చరిత్ర ఉంది. మన దేశపు సొంత దారిచూపు వ్యవస్థ నావిక్‌కు మొదటి ఉపగ్రహం 2013 జూలై 1 రాత్రి శ్రీహరికోట నుంచే పైకి వెళ్లింది. మన ఇళ్ల డాబాల మీద నిలబడితే ఆ నిప్పు కనిపిస్తుంది. ఆ రాకెట్ కేంద్రం కోసం 1969లో దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడ మొదటి చిన్న రాకెట్‌ను పేల్చారు. అంతకుముందు ఆ అడవిలో యానాదులు బతికారు. తేనె, దుంపలు, చేపలు, వంటచెరకు వాళ్ల జీవనం. ఏ పుట్ట ఎక్కడుందో, ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో చీకట్లో కూడా చెప్పగలిగినవాళ్లు. వాళ్ల ఉనికికి పట్టా కాగితం లేదు కాబట్టి ఆ ఉనికి లెక్కలోకి రాలేదు. దేశానికంతటికీ ‘నువ్వు ఎక్కడున్నావో’ చెప్పే ఉపగ్రహాలు పైకెగిరిన నేల మీదే, తరాలుగా ఉన్నవాళ్లకు ‘ఇది నీ చోటు’ అని చెప్పినవాళ్లు లేకపోయారు. ఉన్న చోటు వేరు, ఉన్న హక్కు వేరు అని చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

సెంటీమీటర్ల గీత, మీటర్ల చుక్క

ఇక పొలంలోకి దిగుదాం. రాష్ట్రంలో 2020 డిసెంబరు 21న భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లు తెచ్చారు. నేల మీద ఉన్న స్థిర కేంద్రాల నుంచి సవరణ అందుకునే రోవర్ కొన్ని సెంటీమీటర్ల తేడాలో హద్దు చెప్పగలదు. అది నిజమే. కానీ పంట నమోదుకు పొలానికి వచ్చే వ్యవసాయ సహాయకుడి చేతిలో రోవర్ లేదు, మామూలు ఫోను ఉంది. ఆకాశం అడ్డం లేకుండా ఉన్నప్పుడు మామూలు ఫోను చెప్పే చోటులో సుమారు 5 మీటర్ల తేడా ఉండడం సహజం. అంటే 16 అడుగులు. సరుగుడు తోపుల పక్కన, తాటివనం కింద, పెద్ద గోడౌన్ల నీడలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. చతురస్రంగా ఉంటే ఒక్కో పక్క 64 మీటర్ల లోపు. అందులో మధ్యకు పోయి నిలబడితే 5 మీటర్ల తేడా మనకు తగలదు. కానీ మన తీరంలో ఎకరాలకు ఎకరాలు చతురస్రంగా ఎవరికున్నాయి? అన్నదమ్ములు పంచుకుని, ఆడబిడ్డకు ఇచ్చి, అప్పుకు కొంత అమ్మి, మిగిలింది పది మీటర్ల వెడల్పు, ఎనభై మీటర్ల పొడవు ఉన్న పట్టీ. అది 20 సెంట్లు. దాని నడిమధ్య నిలబడితే చుక్క గట్టు మీద పడుతుంది. గట్టు మీద నిలబడితే పక్కవాడి చేలో పడుతుంది. సెంటీమీటర్లలో గీసిన గీతను మీటర్లలో ఊగే చుక్కతో తనిఖీ చేస్తున్నారన్న మాట. యాప్‌లో కొంత వెసులుబాటు పెట్టినా, ఆ వెసులుబాటు పెద్ద కమతానికి సరిపోయినట్టు చిన్న పట్టీకి సరిపోదు. ఎంత చిన్న రైతయితే అంత పెద్ద కష్టం.

దీనికి తోడు గీతే తప్పుగా ఉంటే? రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చాయి. చాలాచోట్ల నలుగురైదుగురి భూమిని కలిపి ఒకే నంబరు కింద, జాయింట్ ఎల్‌పీఎంగా కట్టేశారు. ఒకే పెట్టెలో ఐదు కుటుంబాలు. చుక్క ఆ పెట్టెలో పడింది సరే, ఎవరి పంట మీద పడింది? రీసర్వే జరగని ఊళ్లలో కష్టం ఇంకో రకం. ఎప్పుడో గొలుసు పట్టి కొలిచిన పటాలను ఉపగ్రహ చిత్రం మీద పరిచి, మూలలు సరిపోయేట్టు లాగి అతికించారు. ఒక మూల కుదిరితే ఇంకో మూల జరుగుతుంది. రైతు నలభై ఏళ్లుగా దున్నుతున్న గట్టు పటంలో పది అడుగులు అవతల ఉంటే, తప్పు గట్టుదని అంటారా, పటానిదని అంటారా?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కొలతకు మనం వ్యతిరేకం కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. ఏటి పక్క చేలల్లో ఇసుక మేటలు వేసింది, గట్లు ఆనవాలు లేకుండా పోయాయి. అలాంటప్పుడు సరిగా కొలిచి రాసిపెట్టిన హద్దు రైతును రక్షిస్తుంది. హద్దు రాయి కొట్టుకుపోయినా అంకె కొట్టుకుపోదు. మనం అడిగేది ఆ అంకె రైతు చేతిలో ఉండాలని, రైతు ముందే కొలవాలని, తప్పయితే దిద్దే దారి ఉండాలని.

ఈ చుక్క కొత్తది కాదు

ప్రభుత్వ కాగితంలో చుక్క పడితే రైతు బతుకు ఏమవుతుందో నెల్లూరు జిల్లా రైతుకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. చుక్కల భూముల కథ మనకు తెలిసిందే. బ్రిటిష్ కాలంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ రాసినప్పుడు, కొన్ని నంబర్ల ఎదురుగా పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ రోజు ఆ గుమాస్తా ఎందుకు పెట్టాడో అడిగినవాళ్లు లేరు. దాదాపు వందేళ్ల పాటు ఆ భూములను మన తాతలు దున్నారు, అమ్ముకున్నారు, కొనుక్కున్నారు, శిస్తు కట్టారు. ఆ చుక్కలు నిద్రపోతున్న పాముల్లా పడి ఉన్నాయి. 2016లో వాటిని రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో పెట్టడంతో పాము లేచింది. కూతురి పెళ్లికి అర ఎకరం అమ్ముకోవడానికి లేదు, బ్యాంకులో తాకట్టుకు లేదు. 2017లో చట్టం వచ్చింది. పన్నెండేళ్లు సాగులో ఉన్నట్టు నిరూపించుకోమన్నారు. రైతులు అడంగళ్లు, శిస్తు రసీదులు మూటగట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి 2023 మే 12న మన కావలిలోనే సభ పెట్టి 97,471 కుటుంబాలకు చెందిన 2,06,171 ఎకరాలను ఆ జాబితా నుంచి తీసేస్తున్నామని ప్రకటించారు.

ఇందులో పాఠం ఏమిటి? గుమాస్తా కలం నుంచి జారిన చుక్క పోవడానికి వందేళ్లు పట్టింది. అది కూడా రైతులు పోరాడితే పోయింది. ఇవాళ యాప్‌లో తప్పుగా పడే చుక్క అంతకంటే వేగంగా పడుతుంది. ఒక్క సీజన్‌లో, ఒక్క మధ్యాహ్నంలో పడుతుంది. దాన్ని దిద్దే దారి మాత్రం పాతకాలం దారిలాగే నడిచి వెళ్లాల్సిన దారి. పెట్టేవాడికి క్షణం, తీయించుకునేవాడికి తరం. ఈ తేడా పోవాలన్నదే మన పోరాటం.

భూహక్కు చట్టం అనుభవం కూడా ఇదే చెప్పింది. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చిన ల్యాండ్ టైటిలింగ్ చట్టం మీద రైతులు, న్యాయవాదులు ఊరూరా నిలదీశారు. రికార్డులో ఒకసారి పేరు ఎక్కితే అదే ఆఖరి మాట అయితే, తప్పు ఎక్కినవాడి గతి ఏమిటని అడిగారు. 2024 జూలైలో శాసనసభ దాని రద్దు బిల్లును ఆమోదించింది. పార్టీలు మారాయి, చట్టం పోయింది. కానీ ‘కంప్యూటర్‌లో ఉన్నదే నిజం’ అన్న ఆలోచన పోలేదు. అది చట్టంలోంచి దిగి యాప్‌లోకి ఎక్కింది.

చుక్కకు కౌలురైతు కనబడడు

పంట నమోదు అంటే ఇవాళ మామూలు విషయం కాదు. మద్దతు ధరకు రైతు సేవా కేంద్రంలో ధాన్యం అమ్మాలన్నా, తుపానుకు ఇన్‌పుట్ సబ్సిడీ రావాలన్నా, బీమా పరిహారం రావాలన్నా ఈ-పంటలో పేరుండాలి. పేరు లేనివాడు పుట్టి ధాన్యం ఎంతకు అడిగితే అంతకు దళారికి కొలవాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన తీరం పక్కనుంచి పోయినప్పుడు వరి నారుమళ్లు, నాట్లు నీళ్లలో నానాయి. అలాంటి రోజుల్లో ఎవరి పేరు జాబితాలో ఉందన్నదే అప్పు తీరుతుందా, పెరుగుతుందా అన్నది తేలుస్తుంది.

మరి చుక్క ఏం చెబుతోంది? ఫలానా రోజు ఫలానా సమయానికి ఒక ఫోను ఈ గీతల మధ్య ఉందని చెబుతోంది. ఫొటోలో వరి ఉందని చెబుతోంది. ఆ వరికి విత్తనం ఎవరు తెచ్చారు, కౌలు ఎవరు ముందే కట్టారు, ఎరువు కోసం తాళి ఎవరిది తాకట్టులో ఉంది అన్నది చెప్పదు. పొలంలోకి పోయి ఫొటో తీసినంత మాత్రాన సాగుదారు ఎవరో తేలదు. పట్టాదారు నెల్లూరులోనో, చెన్నైలోనో, అమెరికాలోనో ఉంటాడు. చుక్క పొలంలో సరిగ్గానే పడుతుంది, పేరు మాత్రం పట్టాదారుది ఎక్కుతుంది. ఇంత కచ్చితమైన చోటు, ఇంత తప్పుడు పేరు! అబద్ధానికి అక్షాంశం, రేఖాంశం తగిలించినట్టయింది.

దీనికి మూలం యాప్‌లో లేదు, చట్టంలో ఉంది. 2011లో వచ్చిన కౌలుదారుల చట్టంలో భూయజమాని సంతకం షరతు లేదు. 2019లో దాని స్థానంలో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కార్డు ఇస్తానంది కానీ, యజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. సంతకం అడిగితే కౌలు పోతుందేమోనని రైతు భయం. ఈ రెండు భయాల మధ్య కార్డు రాదు. కార్డు లేక పంట నమోదులో పేరు రాదు. ఈ ముడి విప్పకుండా ఎన్ని ఉపగ్రహాలు ఎగరేసినా కౌలురైతు కనబడడు. కళ్లకు అద్దాలు మార్చుకుంటూ పోతే, చూడదలచుకోనిది కనిపిస్తుందా?

పైగా ఇప్పుడు ఇది రాష్ట్రంతో ఆగేది కాదు. 2024 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. రైతుల జాబితా, జియో రిఫరెన్స్ చేసిన గ్రామ పటాలు, వేసిన పంటల జాబితా, ఈ మూడూ కలిపి అగ్రిస్టాక్. పునాది భూమి రికార్డు. అందులో కౌలురైతు చోటు ఇప్పుడే తేలకపోతే, రేపు రుణం, బీమా, ఎరువు అన్నీ ఆ పునాది మీద లేచాక తేల్చేవాడు ఉండడు.

బెయిలు మీద ఉన్నవాడికున్న హక్కు కూలికి లేదా?

కూలి సంగతి చూద్దాం. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి హాజరును యాప్‌లోనే, రోజుకు రెండుసార్లు, చోటు ముద్రపడిన ఫొటోలతో వేయాలని తప్పనిసరి చేశారు. పని కొలతకు తగ్గ కూలి అన్న చట్టం మాట పక్కకుపోయి, పని అయిపోయినా రెండో ఫొటో కోసం ఎండలో కూర్చోవాల్సిన పరిస్థితి వచ్చింది. నెట్‌వర్క్ లేకపోతే చేసిన పని చేయనట్టే. పోనీ దొంగ హాజర్లు ఆగాయా? ఫొటోనే ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, పనికి సంబంధం లేని బొమ్మలు ఎక్కుతున్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. దొంగ తప్పించుకున్నాడు, కష్టపడ్డవాడు ఎండలో మిగిలాడు.

ఇక్కడ ఒక సుప్రీంకోర్టు తీర్పు మన సభ్యులందరూ గుర్తుపెట్టుకోవాలి. మాదకద్రవ్యాల కేసులో నిందితుడైన ఒక విదేశీయుడికి బెయిలు ఇస్తూ, అతను ఎక్కడున్నాడో దర్యాప్తు అధికారికి తెలిసేలా గూగుల్ మ్యాప్‌లో పిన్ పెట్టి ఉంచాలని షరతు పెట్టారు. 2024 జూలై 8న సుప్రీంకోర్టు ఆ షరతు కొట్టేసింది. నిందితుడి కదలికలను పోలీసులు ఎల్లవేళలా గమనించేలా బెయిలు షరతు ఉండకూడదని, అది గోప్యత హక్కుకు భంగమని తేల్చింది. ఆ హక్కు ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం అప్పటికే చెప్పి ఉంది. నేరం మోపబడ్డ మనిషికి ఉన్న గౌరవం, ఏ నేరమూ చేయని కూలికి, రైతుకు ఉండదా? పలుగు పట్టుకోవడం నేరమా?

2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది కదా అంటారు. ఆ చట్టంలోనే సబ్సిడీలు, పథకాల ప్రయోజనాలు ఇచ్చే సందర్భంలో, కొన్ని షరతులతో, ప్రభుత్వం మళ్లీ మన సమ్మతి అడగనక్కర్లేదని వెసులుబాటు రాసుకున్నారు. రైతుకు ప్రభుత్వంతో ఉన్న సంబంధమంతా ఆ సందర్భాలే. అంటే రక్షణ అవసరమైన చోటే తలుపు తెరిచి పెట్టారు.

సముద్రం మీద చుక్క

తీరంలో మన మత్స్యకార సోదరుల అనుభవం ఈ వాదనకు రెండో వైపు చూపిస్తుంది. 2024 ఆగస్టు 30న కేంద్రం, లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు అమర్చే 364 కోట్ల రూపాయల పథకాన్ని ప్రారంభించింది. ఫోను సిగ్నల్ అందని దూరంలో కూడా ఉపగ్రహం ద్వారా ఆపద సందేశం పంపవచ్చు, తుపాను కబురు అందుకోవచ్చు. జువ్వలదిన్నె నుంచో, కృష్ణపట్నం పక్క పట్టపుపాలెం నుంచో వేటకు పోయి ఇంజను ఆగిన పడవకు ఆ చుక్కే ప్రాణం. దీన్ని ఎవరూ కాదనరు. చుక్క మనిషికి పనిచేస్తే ఎలా ఉంటుందో ఇది చూపిస్తుంది.

అదే చుక్క ఇంకో పని కూడా చేయగలదు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకే అని మన రాష్ట్రంలో నిబంధన ఉంది. పొరుగు రాష్ట్రం నుంచి పెద్ద మరపడవలు ఆ గీత దాటి వచ్చి వలలు చింపుకుపోతున్నాయని మన తీరంలో ఏటా గొడవ. ఆ పెద్ద పడవలు ఎక్కడున్నాయో చూపే చుక్కలు మత్స్యకారుల ముందు ఎందుకు పెట్టరు? ఇసుక లారీ ఏ రేవులో నింపుకుని ఎటు పోయిందో చూపే చుక్క గ్రామ పంచాయతీ గోడ మీద ఎందుకు కనబడదు? నిఘా ఎప్పుడూ కిందికే ఎందుకు చూస్తుంది? కూలి ఫొటో రోజుకు రెండుసార్లు, లారీ ఆచూకీ ఏడాదికి ఒకసారి కూడా లేదు. చుక్క పెట్టాల్సినవాళ్ల మీద పెట్టండి అని మనం అడుగుతున్నాం.

వాళ్ల వాదన, మన జవాబు

‘లొకేషన్ లేకపోతే ఇంట్లో కూర్చుని పంట రాసేస్తారు, వేయని పంటకు బీమా కొట్టేస్తారు’ అన్నది అధికారుల వాదన. ఆ మోసం జరిగిందని, అందులో నష్టపోయింది నిజమైన సాగుదారులేనని మన సంఘమే ఎన్నోసార్లు చెప్పింది. ఉద్యోగి పొలానికి రావాలని అడిగింది మనమే. కాబట్టి ఉద్యోగి పొలానికి వచ్చాడనడానికి చుక్కను సాక్ష్యంగా ఉంచండి, అభ్యంతరం లేదు. అది వచ్చినవాడి హాజరు. రైతు హక్కుకు అది ఒక ఆధారం కావచ్చు, ఆఖరి తీర్పు కాకూడదు. చుక్క గీత బయట పడితే రైతు అబద్ధాలకోరు అయిపోడు. ఫోను, పటం, రైతు, ఈ ముగ్గురిలో ఎవరిది పొరపాటో తేల్చాలి. ఇవాళ మొదటి ఇద్దరినీ అడిగేవాడు లేడు.

గ్రామ స్థాయి ఉద్యోగులతో మనకు తగాదా లేదు. సర్వర్ పనిచేయకపోతే రైతు తిట్టేది వాళ్లనే, గడువు దాటితే పైఅధికారి అడిగేది వాళ్లనే. వాళ్ల సొంత ఫోనుల్లో వాళ్ల చోటు కూడా రోజంతా పైకి పోతోంది. గోరుచుట్టు మీద రోకటి పోటులా వాళ్ల మీద విరుచుకుపడకుండా, నిబంధన రాసినవాళ్లను అడుగుదాం.

మనం అడిగేవి

ఒకటి. చుక్క గీత బయట పడిందన్న కారణంతో పంట నమోదును తిరస్కరించకూడదు. అలాంటి చోట హద్దు రైతుల సంతకాలతో పొలంలోనే పంచనామా రాసి, దాన్నే రుజువుగా తీసుకోవాలి.

రెండు. నమోదు అయిన ప్రతి రైతుకు ముద్రించిన రసీదు ఇవ్వాలి. అందులో సాగుదారు పేరు, పంట, విస్తీర్ణం, తీసిన చోటు అంకెలు, తేదీ తెలుగులో ఉండాలి. తిరస్కరిస్తే కారణం కూడా రాతలో ఇవ్వాలి.

మూడు. యజమాని సంతకంతో పని లేకుండా, గ్రామసభ విచారణతో కౌలురైతును సాగుదారుగా నమోదు చేయాలి. దానికి తగ్గట్టు 2019 చట్టాన్ని సవరించాలి. అగ్రిస్టాక్‌లో సాగుదారు గడి వేరుగా ఉండాలి.

నాలుగు. జాయింట్ ఎల్‌పీఎంలను రైతులకు ఖర్చు లేకుండా విడదీయాలి. ప్రతి ఊరి పటాన్నీ పెద్దదిగా ముద్రించి సచివాలయం గోడకు అంటించి, అభ్యంతరాలకు ఒక పూర్తి సీజన్ గడువు ఇవ్వాలి.

ఐదు. ఫొటో ఎక్కలేదన్న సాకుతో చేసిన పనికి కూలి ఆపకూడదు. మేట్ రాసిన హాజరు పుస్తకం చెల్లాలి.

ఆరు. రైతు, కూలి, మత్స్యకారుడి చోటు వివరాలను ఏ పని కోసం తీసుకున్నారో ఆ పనికే వాడాలి. బీమా, విత్తన, ఎరువుల, అప్పుల కంపెనీలకు ఇవ్వకూడదు. పడవ ట్రాన్స్‌పాండర్ కబురు ప్రాణరక్షణకు, తీరం గీత దాటే పెద్ద పడవల కట్టడికి వాడాలి.

ఇవి సాధించుకోవడానికి సభ్యులు ఇప్పటి నుంచే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. పంట నమోదు రోజున పొలంలో మీరే ఉండండి. చేను మధ్యలో నిలబడి ఫొటో తీయమని అడగండి. ఏ పేరు మీద ఎక్కిందో అక్కడే చదివించుకోండి. వేలిముద్ర చదివాక వేయండి, ముందు కాదు. మీ ఫోనులో మ్యాప్ తెరిచి మీ నాలుగు మూలల అంకెలు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. పటంతో తేడా ఉంటే ఊరి శాఖ కార్యదర్శికి ఇవ్వండి. ఊరందరివీ కలిపి ఒకే అర్జీగా తహసీల్దారుకు పెడదాం. ఒక్కడి అర్జీ బుట్టలో పడుతుంది, ఊరి అర్జీకి జవాబు చెప్పాల్సి వస్తుంది. సామాజిక తనిఖీ జాబితాలు సచివాలయంలో పెట్టిన రోజు కౌలురైతుల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రండి. ఆ లెక్కే మన ఉద్యమానికి ఆధారం.

ఎడగారు దుక్కులకు ముందే మండల కేంద్రాల్లో ఈ ఆరు కోర్కెలతో వినతిపత్రాలు ఇద్దాం. మనం ఎక్కడున్నామో వాళ్లకు బాగా తెలుసు. మనం ఎవరమో, ఆ చేలో చెమట ఎవరిదో కూడా రాసేదాకా అడుగుదాం.